పాత పుస్తకాలు, కాగితాలు బాగుచేసే పని పద్ధతిగా నేర్చుకోవాలంటే ఎక్కడికి పోవాలి?

కావలి_కెమిస్ట్రీ
పోయినేడు మా లైబ్రరీ కమిటీ 1920ల నాటి పత్రికల సంపుటాలు కొన్ని బైండింగుకిచ్చింది. తిరిగొచ్చినాక తెరిచి చూస్తే కడుపు తరుక్కుపోయింది. మూడు పక్కలా అంచులు కోసేశారు. ఆ కాలపు పాఠకుడెవరో మార్జిన్లలో పెన్సిలుతో సన్నగా రాసుకున్న మాటల్లో ప్రతి వరసా చివర రెండు మూడక్షరాలు లేవు. చిరిగిన చోటల్లా సెలోటేపు. కుట్టు వీపులోంచి వేయకుండా పక్కనుంచి పొడిచి లాగారు. పుస్తకం సగం కూడా తెరుచుకోదు, గట్టిగా తెరిస్తే పేజీ కుట్టు దగ్గర విరిగి చేతికొస్తుంది. అడిగితే "గట్టిగా ఉండాయి గదమ్మా, ఇంకేం కావాల" అన్నారు.

నాది బీఎస్సీ కెమిస్ట్రీ. అక్కడే కేటలాగు పని చేస్తుండా. ఈ పని సరిగ్గా ఎట్టా చేయాలో నేర్చుకోవాలనుంది. నెట్లో వెతికితే నోటు పుస్తకాలు కుట్టే వీడియోలే వస్తున్నాయి. కోర్సులు ఎక్కడుంటాయి, ఎన్నాళ్లు, కెమిస్ట్రీ పనికొస్తుందా? ఉద్యోగం వస్తుందా అని ఇంట్లో అడుగుతుండారు, దానికీ జవాబు కావాలి.

ఒంగోలుగిత్త
అంత తిప్పలెందుకు. ఫోన్లో స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టేస్తే పోలా?

పెన్నగట్టు
గిత్తన్నా, స్కాన్ చేయాలన్నా పేజీ తిప్పాలి గదా. ఆ కాలపు న్యూస్‌ప్రింటు మూల ఒకసారి ఇటు, ఒకసారి అటు మడిచి చూడు, తునక ఊడొస్తుంది. ఫోన్ కింద పరిచేదెట్టా?

లైబ్రరీసార్
కావలి అమ్మాయికి. లైబ్రరీ సైన్సులో ఈ సబ్జెక్టు ఒక పేపర్లో ఓ మూల ఉంటుంది, దాంతో చేతికి పని రాదు. పద్ధతిగా నేర్పే చోట్లు నాకు తెలిసినంతలో చెప్తాను.

ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఉంది. వాళ్ల ఏడాది డిప్లొమా ఎక్కువగా రికార్డుల నిర్వహణ మీద నడుస్తుంది. నీకు పనికొచ్చేది పుస్తకాలు, రాతప్రతుల సంరక్షణ మీద పెట్టే 8 వారాల సర్టిఫికెట్ కోర్సు. రికార్డుల మరమ్మతు మీద ఇంకో 8 వారాలది విడిగా ఉంది. లక్నోలో ఎన్నారెల్సీ అని కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాల, 1976లో పెట్టారు, మైసూరులో శాఖ ఉంది. లక్నోలో ఆరు నెలల శిక్షణ ఇస్తారు. అయితే అక్కడ కాగితంతో పాటు రాయి, లోహం, చెక్క, బట్ట అన్నీ ముట్టుకోవాలి.

పీజీ చేయాలంటే నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌లో ఎంఏ కన్జర్వేషన్. 1989లో మొదలైన ఆ సంస్థను ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ అంటున్నారు, నోయిడాలో ఉంది. ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ప్రివెంటివ్ కన్జర్వేషన్ (పాడవకముందే కాపాడుకోవడం) మీద పీజీ డిప్లొమా ఉంది. వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థకు లక్నో, ఢిల్లీ, బెంగళూరు లాంటి చోట్ల ల్యాబులున్నాయి, అక్కడ చేరి పని నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. మనకు దగ్గరంటే చెన్నై ఎగ్మోర్ మ్యూజియం. అక్కడి రసాయన ప్రయోగశాల 1930 నాటిది. నెల్లూరులో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటావు. ముందు వెళ్లి వాళ్ల పని చూసిరా.

సీట్లు, అర్హతలు ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

బైండింగుకొట్టు
ఆ లైబ్రరీ పని నాది కాదుగానీ మా మాట కూడా వినండి. అంచు కోయకుండా ఇస్తే ఎగుడుదిగుడుగా ఉందని పుస్తకం మొహాన కొడతారు. వీపు విప్పి, ఫారాలు (మడిచిన కాగితాల కట్టలు) విడదీసి, ఒక్కో ఫారం మధ్యలోంచి కుట్టాలంటే పూట పడుతుంది. పక్క కుట్టు అయితే చిటికెలో పని. ఇచ్చే రేటు పక్క కుట్టుకే చాలదు. టెండరు పిలిచేటప్పుడు "గట్టిగా ఉండాల, చవగ్గా ఉండాల" అనే రాస్తారు. అంచు కోయొద్దని ఎవరైనా ఒక్క ముక్క రాశారా?

పెన్నగట్టు
కొట్టన్న మాటలో న్యాయం ఉంది. ఏం చేయకూడదో రాసివ్వాల్సింది కమిటీనే.

కావలి_కెమిస్ట్రీ
అవునన్నా, రాసిచ్చిన కాగితంలో అట్టాంటి షరతే లేదు. నేనే వెతికి చూసినా.

గోధుమజిగురు
మాది ఒంగోలు. ఈ పనిలోనే ఉన్నాను, ఇప్పుడు ఉత్తరాదిన. చెల్లీ, నీ కెమిస్ట్రీ చాలా పనికొస్తుంది. శిక్షణలో ఏం నేర్పుతారో చెప్తే నీకే తెలుస్తుంది.

మొదట్లో మరమ్మతు చేయనివ్వరు. చూడ్డం నేర్పుతారు. ఒక కాగితం ముందు పెట్టి, దీపం పక్కనుంచి వాలుగా వేసి, మడతలెక్కడ, పురుగు దారులెక్కడ, మరకలు నీటివా నూనెవా, సిరా ఏ జాతిది, ఇదివరకు ఎవరైనా మరమ్మతు చేశారా, అన్నీ రాయిస్తారు, ఫోటోలు తీయిస్తారు. ఆ రిపోర్టు లేకుండా బ్రష్షు ముట్టనివ్వరు. నాకు మొదట్లో విసుగొచ్చేది. తర్వాత ఒక దస్తావేజు మీద ఎర్ర రబ్బరు స్టాంపు, నీలం సిరా సంతకం, నల్ల అచ్చు మూడూ కనపడ్డాయి. ఒక్కోదాని మీద సూదిమొన అంత నీటిబొట్టు పెట్టి అద్దుడు కాగితంతో ఒత్తి చూపించారు. అచ్చు కదల్లేదు, సంతకం కొంచెం దిగింది, స్టాంపు మొత్తం దిగిపోయింది. ఆ కాగితాన్ని అట్టే తీసుకెళ్లి నీళ్లలో పెట్టి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత రసాయనం. 19వ శతాబ్దం మొదట్లో మిల్లు కాగితం సిరా పీల్చకుండా గుజ్జులోనే పటిక, రోజిన్ కలపడం మొదలైంది. ఆ శతాబ్దం మధ్యకొచ్చేసరికి చెక్కను నూరిన గుజ్జు వచ్చింది. పటిక వల్ల ఆమ్లం, చెక్క గుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం. ఆ ఆమ్లం కాగితపు పీచులోని సెల్యులోజ్ గొలుసుల్ని తెంపుతుంటుంది, కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. మీ పత్రికలకు పట్టిన జబ్బు ఇదే. సున్నపు తేట లాంటి క్షారంతో ఆ ఆమ్లాన్ని విరిచి, కాగితంలో కొంత క్షారం మిగిలేట్టు చేస్తారు. దేనికి చేయొచ్చు, దేనికి చేయకూడదు, అక్కడే నీ బీఎస్సీ కావాలి. పోయిన బలం మాత్రం తిరిగి రాదు. ఇంకా పాడవకుండా ఆపుతామంతే.

ఇక చేతిపని. చిరుగు అతకడానికి జపాన్ కోజో టిష్యూ వాడతాం. దాన్ని కత్తెరతో కోయరు. చిరుగు ఆకారంలో తడి బ్రష్షుతో గీత గీసి, ఆ గీత వెంబడి మెల్లగా లాగితే అంచున పీచు నూగులా లేస్తుంది. ఆ నూగే అసలు కాగితంలోకి అల్లుకుని పట్టుకుంటుంది. కత్తిరించిన అంచైతే కొన్నాళ్లకు అక్కడే గీతగా విరుగుతుంది. జిగురు గోధుమ పిండిపదార్థంది. ఉడికించి, చల్లార్చి, జల్లెట్లో వడగట్టి, మజ్జిగంత పలచగా చేసుకోవాలి. అతికి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన బరువు పెట్టాలి. రేపెవరికైనా ఇది నచ్చకపోతే కాస్త తేమ తగిలిస్తే ఊడొచ్చేట్టు ఉండాలి. ఈ చదువు మొత్తానికి ఆయువుపట్టు అదే.

ఉదయగిరి_కొండ
మేడం మరి లామినేషన్? మా తాత కరణం. 1984లో కరణాల పద్ధతి తీసేశాక దస్త్రాలు కొన్ని ఇంట్లోనే అటక మీద ఉండిపోయాయి. జిరాక్సు షాపాయన ప్లాస్టిక్ లామినేషన్ చేయిస్తే వందేళ్లుంటాయంటుండాడు.

గోధుమజిగురు
వద్దు. ఆ వేడికి జిగురు కాగితంలోకి కరిగిపోతుంది, మళ్లీ విడదీయలేం. లోపలి ఆమ్లం లోపలే ఉండి తినేస్తుంది. మన దేశంలో ఒకప్పుడు ప్రభుత్వ రికార్డులకు సెల్యులోజ్ ఎసిటేట్ పొర, టిష్యూ పెట్టి ఎసిటోన్‌తో అతికేవాళ్లు. యంత్రం లేకుండా చేత్తో చేసే ఆ పద్ధతి నేషనల్ ఆర్కైవ్స్‌లోనే పుట్టింది. దానికి ముందు పట్టు షిఫాన్ బట్ట. కొన్ని దశాబ్దాలకు ఆ పట్టే పెళుసెక్కి, కాగితం కంటే ముందు చిరిగేది. ఇప్పుడు వాటిని విప్పడమే మాకొక పని. నిన్నటి మేలైన పద్ధతి ఇవాళ్టికి బరువైంది కాబట్టే ఊడదీయగలిగేదే వాడమని అంతగా నూరిపోస్తారు.

బైండింగుకొట్టు
మా నాయన కాలం నుంచి మైదా జిగురులో మైలుతుత్తం వేస్తాం. వేయకపోతే పురుగు పడుతుంది. అదీ తప్పేనా?

గోధుమజిగురు
పురుగు ఆగుతుంది, నిజమే అన్నా. కాకపోతే మైలుతుత్తంలో ఉండేది రాగి. అది కాగితం పాడయ్యే వేగాన్ని పెంచుతుంది. పాత బైండింగుల్లో వీపు దగ్గర, అట్ట లోపలి వైపు గోధుమరంగు చారలు చూసే ఉంటారు. మైదాలో ఉండే గ్లూటెన్ తీసేసి, పిండిపదార్థం మాత్రమే పలచగా వాడి, బాగా ఆరనిస్తే పురుగుకు అంత రుచించదు. మిగతాది బీరువా చూసుకోవాలి. గాలి ఆడాలి, దుమ్ము దులపాలి, గోడకు ఆనించకూడదు.

బైండింగుకొట్టు
గోధుమపిండి ముద్దను నీళ్లలో పిసికితే అడుక్కి దిగే తెల్లదేనా?

గోధుమజిగురు
అదే. చేతిలో మిగిలే సాగేదంతా పక్కన పెట్టేయండి.

తాళపత్రం
మా ఇంట్లో తాటాకు ప్రతులున్నాయి. నిమ్మగడ్డి నూనె రాయమంటారు, వస కొమ్ములు పెట్టమంటారు. దానిక్కూడా ఇదే కోర్సా?

లైబ్రరీసార్
దానికి దారి వేరే ఉంది. 2003లో కేంద్రం జాతీయ రాతప్రతుల మిషన్ పెట్టింది, ఇప్పుడది జ్ఞాన భారతం పేరుతో నడుస్తోంది. వాళ్లు సంరక్షణ మీద వర్క్‌షాపులు పెట్టేవాళ్లు. కనీసం 75 ఏళ్ల నాటి చేతిరాత ప్రతి అయితేనే వాళ్ల లెక్కలోకి వస్తుంది, అచ్చు పుస్తకం రాదు. కాబట్టి నీ తాటాకులకు ఆ తలుపు తెరిచే ఉంది, కావలి అమ్మాయి పత్రికలకు లేదు. ఈ సంగతి తెలియక చాలామంది అక్కడికి పోయి తిరిగొస్తారు. తిరుపతి ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో కూడా అడుగు, వాళ్ల దగ్గర తాటాకు ప్రతులు బోలెడు.

గోధుమజిగురు
తాళపత్రం గారూ, నూనె రాసే ముందు అక్షరాల్లో మసి నిలిచి ఉందో లేదో చూసుకోండి. రంగుబొమ్మలుంటే మాత్రం నూనె జోలికి పోవద్దు.

ఒంగోలుగిత్త
నేను మళ్లీ అదే అంటా. కల్నల్ మెకంజీ పోగుచేసిన మన నెల్లూరు, ఒంగోలు కైఫీయతులు (ఊళ్ల చరిత్రలు) బతికింది నకళ్లు రాయించబట్టి. కాగితాలు పాడవుతున్నాయని బ్రౌన్ మళ్లీ రాయించాడు. స్కానింగు కూడా నకలే. డబ్బు తక్కువున్నప్పుడు దాని మీదే పెట్టాలి.

చీరాల_నేత
నకలు కావాల్సిందే, కాదనేవాళ్లెవరు. కానీ ఆ నకళ్లు కూడా కాగితమే గదా, చెన్నై ఓరియంటల్ లైబ్రరీలో వాటినీ ఎవరో ఒకరు కాపాడుతుండాలి. మా వేటపాలెం సారస్వత నికేతనం చూడు. 1918లో పెట్టింది, 1929లో గాంధీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశాడు. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు ఇప్పటికీ వస్తారు. పేజీ మీద ప్రకటన ఏ మూల వేశారు, ఏ రంగు కాగితం, చందాదారు చీటీ అతికించి ఉందా, ఇవన్నీ స్కాన్‌లో ఎంతవరకు తెలుస్తాయి?

ఒంగోలుగిత్త
వేటపాలెం ఇప్పుడు బాపట్ల జిల్లా, మన ప్రకాశం లెక్కలో వేయకు 😀

చీరాల_నేత
2022లో గీత మార్చారు, పుస్తకాలు జరగలేదులే.

మైపాడు_అల
నాదొక సందేహం. ఈశాన్య రుతుపవనాలొస్తే మా దగ్గర కథ వేరే. 1989 కావలి తుపాను సంగతి పెద్దోళ్లు ఇప్పటికీ చెప్తారు. 2015 నవంబరు వానలకు మా బంధువుల ఇంట్లో నీళ్లు నడుమెత్తు నిలిచి పుస్తకాలన్నీ నానాయి. ఎండలో ఆరేస్తే బూజు పట్టి అట్టలు వంకరపోయాయి. అట్టాంటప్పుడు ఏం చేయాలో కూడా ఈ కోర్సుల్లో చెప్తారా?

గోధుమజిగురు
చెప్తారు, బాగా చెప్తారు. అసలు ఈ వృత్తి ఇప్పటి రూపంలో నిలబడిందే వరద వల్ల. 1966 నవంబరు 4న ఇటలీలో ఫ్లోరెన్స్ నగరాన్ని ఆర్నో నది ముంచేసింది. అక్కడి జాతీయ గ్రంథాలయంలో పది లక్షలకు పైగా పుస్తకాలు, కాగితాలు బురదలో మునిగాయి. బాగుచేయడానికి దేశదేశాల నుంచి బైండర్లు పోయారు. ఊడదీయగలిగే జిగురు, పుస్తకం తెరుచుకునే తీరును బట్టి కుట్టు, ఇవన్నీ అక్కడి పనిలో రాటుదేలాయి.

తడిసిన పుస్తకానికి గడువు దాదాపు రెండు రోజులు, తర్వాత బూజు. ఉన్నవన్నీ ఆ లోపల ఆరబెట్టలేం, కాబట్టి గడ్డకట్టిస్తాం. కవర్లో చుట్టి మైనస్ 20 డిగ్రీల్లో పెడితే బూజు ఎదగదు, సిరా ఇంక కారదు. తర్వాత తీరిగ్గా కొన్నికొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు.

మైపాడు_అల
మైనస్ 20 అంటే మా రొయ్యల ప్లాంట్లలో ఉండేదే!

పెన్నగట్టు
మిర్చి కోల్డ్ స్టోరేజీలు కూడా ఉండాయి గదా ఒంగోలు పక్క.

గోధుమజిగురు
మిర్చివి పనికిరావు, అక్కడ చల్లదనమే గానీ గడ్డకట్టదు. రొయ్యలవి సరిపోతాయి. సీలు చేసిన పెట్టెలో పెట్టి, విడిగా ఒక ర్యాకు అడగాలి. మైపాడు అన్నా, నెల్లూరు జిల్లాలో ఏ లైబ్రరీ అయినా తుపాను రాకముందే ఒక ప్లాంటువాళ్లతో మాట్లాడి పెట్టుకోగలిగితే అంతకు మించిన ముందుజాగ్రత్త లేదు. నీళ్లొచ్చినాక ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.

ఇంకో సంగతి. వరద రాకపోయినా గాలిలో తేమ 65, 70 శాతం దాటి నిలిస్తే బూజుకు చాలు. తీరం వెంబడి మనకు ఏడాదిలో ఎక్కువ రోజులు అంతే ఉంటుంది. అందుకే ఢిల్లీలో నేర్చుకున్నది ఇక్కడికొచ్చి అట్టే వాడితే కుదరదు.

సింగరాయకొండ_స్టేషన్
విదేశాల్లో చదివితే? మా అక్క కూతురు అమెరికా అంటోంది.

గోధుమజిగురు
మంచివే. డెలావేర్ యూనివర్సిటీ, వింటర్‌తూర్ మ్యూజియం కలిసి నడిపే ప్రోగ్రాం మూడేళ్లది, ఏటా చాలా కొద్దిమందినే తీసుకుంటారు. చేరకముందే కెమిస్ట్రీ, అందులో ఆర్గానిక్ కూడా, కళాచరిత్ర, చేత్తో గీసిన పనుల పోర్ట్‌ఫోలియో, ల్యాబులో వందల గంటల అనుభవం అడుగుతారు. పుస్తకాలకే అయితే ఇంగ్లండులో వెస్ట్ డీన్ కాలేజీకి పేరుంది. జపాన్‌లో ఇక్రోమ్ అనే అంతర్జాతీయ సంస్థ వాళ్లు 1992 నుంచి నడిపే కాగితం కోర్సు మూడు వారాలది, అది అప్పటికే వృత్తిలో ఉన్నవాళ్లకు. మీ అమ్మాయిని ముందు ఇక్కడ ఏదైనా ల్యాబులో కూర్చుని కొన్నాళ్లు పని చేయమనండి. ఈ పని కూర్చోబెడుతుంది, మెడ పట్టేస్తుంది, ఒక్క పేజీకి పూటంతా పోతుంది. అది పడుతుందో లేదో తెలుసుకున్నాక లక్షలు పెట్టొచ్చు.

వింజమూరు_వేప
ఉద్యోగం మాట ఎవరూ ఎత్తడం లేదే. మా తమ్ముడు ఈ లైన్లోనే శిక్షణ తీసుకుని వచ్చాడు. కాంట్రాక్టు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు జీతం, అయిపోగానే ఇంటికి. ఇప్పుడు కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెప్తుండాడు. ఆడపిల్లను ఆశపెట్టకండి.

గోధుమజిగురు
వేప గారు చెప్పింది నిజమే, దాచడం ఎందుకు. పర్మనెంటు పోస్టులు తక్కువ, ఉన్నవీ సరిగా నింపరు. ఆర్కైవ్స్, మ్యూజియాలు, పెద్ద విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు, ఇంటాక్ ల్యాబులు, ప్రైవేటు సేకర్తలు, ఇంతే. ఎక్కువమంది నాలాగా ప్రాజెక్టు తర్వాత ప్రాజెక్టు. ఉన్న ఊళ్లోనే ఉంటానంటే ఇంకా కష్టం.

లైబ్రరీసార్
నేను కొంచెం విభేదిస్తాను. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పని లేక కాదు, చేసే మనిషి లేక పని బయటికి రావడం లేదు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో అడుగుపెట్టింది, తర్వాత ఒంగోలు. ఆ చర్చిల్లో ఎంత పాత రిజిస్టర్లుంటాయో ఊహించండి. గుళ్ల లెక్కలు, పాత పత్రికల ఫైళ్లు, ఉదయగిరి తమ్ముడిలా ఇళ్లలో కరణాల దస్త్రాలు. వీటికి ఇవాళ దిక్కు జిరాక్సు షాపు లామినేషనే.

వింజమూరు_వేప
పని ఉంది సార్, డబ్బిచ్చేదెవరు? చర్చి కమిటీ ఒక్కో పేజీకి రేటు వింటే రిజిస్టరు మూసేస్తుంది.

లైబ్రరీసార్
అది కూడా నిజమే. మొత్తం ఒకేసారి చేయించమంటే మూసేస్తారు. ఏటా బాగా పాడైనవి పది పేజీలు, మిగతావాటికి మంచి పెట్టె అంటే ఒప్పుకోవచ్చు.

గోధుమజిగురు
సార్ చెప్పిన పెట్టె మాట అందరూ పట్టుకోండి. ఆమ్లం లేని అట్టతో పుస్తకం కొలతకు పెట్టె చేయడం శిక్షణలో మొదట నేర్పే పనుల్లో ఒకటి. మరమ్మతు చేయకుండానే ఆ పుస్తకానికి ఆయుష్షు పెరుగుతుంది. ఖర్చు కూడా భరించదగ్గదే.

కావలి_కెమిస్ట్రీ
అందరి మాటలూ రెండుసార్లు చదివినా. ఉద్యోగం మానకుండా ముందు ఎగ్మోర్ పోయి చూసొస్తా. ఈసారి నేషనల్ ఆర్కైవ్స్ 8 వారాల నోటిఫికేషన్ పడితే అప్లై చేస్తా, కమిటీ సెలవిస్తామంది. ఎంఏ సంగతి దాని తర్వాత. వేప గారూ, మీ తమ్ముడు ఒప్పుకుంటే ఆయనతో మాట్లాడించగలరా? ఏ ల్యాబులో ఎంత నేర్పారో తెలుసుకోవాలి.

టెండరు షరతుల్లో ఏం రాయాలో కూడా చెప్పండి, వచ్చే నెల ఇంకో విడత బైండింగుకు పోబోతుంది.

వింజమూరు_వేప
అడిగి మెసేజ్ చేస్తాలేమ్మా.

బైండింగుకొట్టు
నేను చెప్తా మేడం. అంచు కోయరాదు. పక్క కుట్టు వద్దు, ఫారం కుట్టే వేయాలి. పాత అట్ట, దాని మీది చీటీలు పారేయకుండా తిరిగివ్వాలి. టేపు వద్దు. ఇవి రాసి, రేటు కూడా దానికి తగ్గట్టు రాయండి. అప్పుడు మా బోటోళ్లు వేస్తారు టెండరు. ఫారం కుట్టు నేర్చుకోవాలంటే నెల్లూరు రండి, సంతపేటలో మా కొట్టు. మీకు తెలిసిన కెమిస్ట్రీ మాకు చెప్పండి.

గోధుమజిగురు
దానికి ఇంకోటి కలపండి: పెళుసెక్కిన సంపుటాలు అసలు బైండింగుకు పంపరాదు, పెట్టెలో పెట్టాలి. కాగితానికి కుట్టు తట్టుకునే బలం లేనప్పుడు ఎంత మంచి కుట్టైనా చింపేస్తుంది. మూల మడత పరీక్ష చేసి ముందే విడదీసుకో చెల్లీ. అది కూడా అచ్చు లేని మూలనే.

ఉదయగిరి_కొండ
లామినేషన్ ఆపించేసినా మేడం. దస్త్రాలకు గుండుసూదులు తుప్పుపట్టి కాగితానికి అతుక్కుపోయాయి. లాగేయనా?

గోధుమజిగురు
లాగొద్దు. సూదికీ కాగితానికీ మధ్య పలచటి ప్లాస్టిక్ ముక్క ఒకటి పైన, ఒకటి కింద దూర్చండి. మొండి చాకు కొసతో తుప్పును కాగితం నుంచి కొంచెం కొంచెంగా వదులు చేసి, సూది కదిలాకే తీయండి. కదలనివి అట్టే వదిలేయండి, అవి ల్యాబు పని. తీసినచోట స్టేపులు కొట్టకుండా నూలు నాడాతో కట్టండి. తేమ లేని రోజు చూసుకుని మొదలుపెట్టండి.